జీమ్యాట్ కోచింగ్: ఎంచుకోవడం ఎలా, వాడుకోవడం ఎలా

బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్ష రాయాలని నిశ్చయించుకున్నవారిలో చాలామంది మొట్టమొదట కోచింగ్ కోసం వాకబు చేస్తారు. ఎక్కడ బాగా చెబుతారు, కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది, ట్యూటర్‌ను పెట్టుకుంటే మేలా అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. తమకు ఏది రాదో తేల్చుకోవడం ఆ తరువాత ఎప్పుడో జరుగుతుంది, కొందరి విషయంలో అసలు జరగనే జరగదు. ఈ వరుసను తిరగవేయాలని నా గట్టి అభిప్రాయం. తన లోపం ఎక్కడుందో తెలిసిన అభ్యర్థికి ఒక మోస్తరు ట్యూటర్ కూడా ఎంతో ఉపయోగపడతారు. అది తెలియని అభ్యర్థి ఎంత పేరున్న తరగతిలో కూర్చున్నా, వచ్చినదాన్నే మళ్లీ విని, రానిదాన్ని మళ్లీ దాటవేసి బయటికి వస్తాడు. ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది ప్రపంచంలోని అనేక బిజినెస్ స్కూళ్లు అంగీకరించే జీమ్యాట్‌ను. కోచింగ్ గురించి చెప్పిన విషయాలు మాత్రం ఇటువంటి ఇతర పరీక్షలకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

ముందు పరీక్ష స్వరూపం

జీమ్యాక్ అనే సంస్థ నిర్వహించే ఈ పరీక్ష 2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్ పేరుతో కొత్త రూపంలో వచ్చింది. పాత రూపం 2024 జనవరి నెలాఖరుతో ఆగిపోయింది, కనుక ఇప్పుడు జీమ్యాట్ అంటే కొత్తదే. ఇందులో మూడు విభాగాలుంటాయి: 45 నిమిషాల్లో 21 ప్రశ్నలుండే క్వాంట్ (గణితం), అంతే సమయంలో 23 ప్రశ్నలుండే వెర్బల్ (ఇంగ్లీషులో చదివి ఆలోచించడం), అంతే సమయంలో 20 ప్రశ్నలుండే డేటా ఇన్‌సైట్స్ (సమాచార విశ్లేషణ). మొత్తం పరీక్ష రెండుంపావు గంటలు, మధ్యలో కావాలనుకుంటే పది నిమిషాల విరామం. ఏ విభాగం ముందు రాయాలో అభ్యర్థే ఎంచుకోవచ్చు. ఒక్కో విభాగానికి 60 నుంచి 90 వరకు, మొత్తం మీద 205 నుంచి 805 వరకు స్కోరు ఇస్తారు. మొత్తం స్కోరులో మూడు విభాగాలకూ సమానమైన బరువు ఉంటుంది.

ఈ వివరాలు కోచింగ్ ఎంపికకు నేరుగా పనికివస్తాయి. పాత పరీక్షలో ఉండిన వ్యాసరచన, వాక్యదోషాలను సరిదిద్దే సెంటెన్స్ కరెక్షన్ ప్రశ్నలు ఇప్పుడు లేవు. క్వాంట్‌లో జ్యామితిని తీసివేసి అంకగణితాన్ని, బీజగణితాన్ని మాత్రమే ఉంచారు. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని అడిగే డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్‌కు మారాయి. అయినా పాత పాఠాల వీడియోలు, పాత ప్రశ్నల కట్టలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. సిలబస్ చూపించమని అడిగినప్పుడు అందులో వాక్యదోషాలకు వారాల తరబడి తరగతులు కనిపిస్తే, ఆ కోర్సు కొత్త పరీక్షకు తిరగరాసినది కాదని అర్థం. స్కోరు లక్ష్యం గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. పాత లెక్కలో 700 వచ్చినవారి స్థానం కొత్త లెక్కలో దాదాపు 645 దగ్గర ఉంటుంది కాబట్టి, రెండు కొలతలనూ కలిపి మాట్లాడే సలహాదారు మాటను అక్కడే ఆపి, ఏ పరీక్ష గురించి చెబుతున్నారో అడగాలి.

కోచింగ్‌కు ముందే ఒక మాక్ టెస్ట్

జీమ్యాక్ అధికారిక వెబ్‌సైట్‌లో రెండు పూర్తిస్థాయి మాక్ టెస్టులు ఉచితంగా దొరుకుతాయి. అసలు పరీక్షలాగే ఇవి కూడా ఇచ్చిన జవాబులనుబట్టి తరువాతి ప్రశ్న కష్టాన్ని మార్చుకుంటూ పోతాయి. ప్రశ్నల రకాలతో రెండు మూడు రోజులు పరిచయం చేసుకున్నాక, ఎవరి సహాయమూ లేకుండా, ఫోను పక్కన పెట్టి, గడియారాన్ని ఆపకుండా, ఒక మాక్ టెస్టును ఒకే విడతలో రాయాలి. స్కోరు తక్కువ వస్తుందన్న సంకోచంతో చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. కానీ ఈ దశలో స్కోరుకు పెద్ద ప్రాధాన్యం లేదు. అవసరమైనది తప్పుల స్వభావం తెలియడం.

తప్పిన ప్రతి ప్రశ్నను మరుసటి రోజు సమయం పరిమితి లేకుండా మళ్లీ చేయండి. అప్పుడు తప్పులు తమంతట తామే మూడు గుంపులుగా విడిపోతాయి. ఎంత సమయమిచ్చినా చేయలేకపోయినవి కొన్ని ఉంటాయి: శాతాలు, నిష్పత్తులు, అసమీకరణాలు వంటి పునాదులు మరిచిపోవడం వల్ల వచ్చినవి ఇవి. తీరికగా చేస్తే సరిగ్గా వచ్చినవి మరికొన్ని, వీటిలో లోపం వేగానిది, లేదా ఒకే ప్రశ్న దగ్గర ఆరేడు నిమిషాలు కూర్చోవడం వల్ల మిగతావాటికి సమయం చాలకపోవడానిది. మూడోది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన గుంపు. రెండోసారి కూడా అదే తప్పు జవాబును, అదే నమ్మకంతో ఎంచుకున్న ప్రశ్నలివి. ఇక్కడ ఆలోచించే పద్ధతిలోనే ఎక్కడో పొరపాటుంది, అది లోపలినుంచి మనకు కనిపించదు.

ఏ గుంపు పెద్దదో దానినిబట్టి సహాయం ఎంచుకోవాలి. పునాదులు లేనివారికి వరుసగా పాఠాలు చెప్పే తరగతి సరిపోతుంది. చదువు వదిలి చాలా ఏళ్లయి, ఉద్యోగంలో ఉంటూ చదివేవారికి తరగతి ఇచ్చే క్రమశిక్షణ కూడా తక్కువ లాభం కాదు. మిగతా ప్రణాళిక తనకు తానే వేసుకోగలిగి, రెండు మూడు అంశాలు మాత్రమే బలహీనంగా ఉన్నవారికి రికార్డు చేసిన పాఠాలు చాలు. వేగం సమస్య ఉన్నవారికి పాఠాలకన్నా సమయం పెట్టుకుని చేసే సాధన, వారానికొకసారి దాన్ని పరిశీలించే మనిషి కావాలి. మూడో గుంపు పెద్దదిగా ఉన్నవారికి మాత్రం వ్యక్తిగత ట్యూటర్‌కు సాటి మరొకటి లేదు. నలభై మంది కూర్చున్న తరగతిలో ఒక్కరి ఆలోచనను విప్పి చూసే తీరిక ఏ అధ్యాపకుడికీ ఉండదు.

ఎంచుకునేటప్పుడు అడగవలసినవి

డబ్బు కట్టకముందు కనీసం ఒక తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. డెమో తరగతి అని ప్రత్యేకంగా తీర్చిదిద్దినది కాకుండా, జరుగుతున్న బ్యాచ్‌లో మధ్యలో వచ్చే మామూలు తరగతి అయితే మంచిది. అధ్యాపకుడు ఎన్ని ప్రశ్నలు చేసి చూపించాడన్నది లెక్క పెట్టకండి. తప్పు జవాబు చెప్పిన విద్యార్థితో ఎలా మాట్లాడాడో గమనించండి. ఆ తప్పు ఎలా వచ్చిందో రాబట్టే ప్రయత్నం చేశాడా, లేక సరైన జవాబు చెప్పి ముందుకు సాగిపోయాడా? ఈ ఒక్క విషయం ఆ తరగతి గురించి ప్రకటనలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, డౌట్లు ఎప్పుడు తీరుస్తారు, డెమోలో పాఠం చెప్పినవారే చివరిదాకా చెబుతారా, తప్పిన తరగతి మళ్లీ దొరుకుతుందా అన్నవి కూడా నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

ట్యూటర్ విషయంలో ఆయన సొంత స్కోరు గురించి అడగడం తప్పు కాదు. అయితే ఎక్కువ స్కోరు తెచ్చుకున్న ప్రతివారూ బాగా చెప్పలేరు. కొందరికి జవాబు ఎంత సహజంగా తడుతుందంటే, ఎదుటివారికి అది ఎందుకు తట్టదో వారికి అర్థం కాదు. మీ మాక్ టెస్టు ఫలితాన్ని ముందే పంపి, మొదటి నెల ప్రణాళిక ఎలా ఉంటుందో చెప్పమని అడగండి. ఆ ఫలితాన్ని చదవకుండానే అందరికీ ఇచ్చే షెడ్యూలును మీకూ పంపితే, వ్యక్తిగత ట్యూషన్‌కు ఇచ్చే రుసుముకు మీకు దక్కేది తరగతి పాఠమే.

స్కోరు హామీ ఇచ్చే కోర్సుల షరతులను పూర్తిగా చదవాలి. చాలాచోట్ల ఆ హామీకి అర్థం డబ్బు వాపసు కాదు, అదే కోర్సును మరోసారి వినే అవకాశం. అది కూడా అన్ని తరగతులకూ హాజరై, ఇంటిపని అంతా పూర్తి చేసినట్టు చూపించగలిగితేనే. ఇక అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు తమ దగ్గర ఉన్నాయని ఎవరైనా అంటే అక్కడినుంచి వెంటనే లేచి రావాలి. ప్రతి అభ్యర్థీ పరీక్ష వివరాలను బయటపెట్టనని ఒప్పుకున్నాకే పరీక్ష రాస్తాడు. 2008లో స్కోర్‌టాప్ అనే వెబ్‌సైట్‌లో అటువంటి ప్రశ్నలు పంచుకున్న వ్యవహారంలో జీమ్యాక్ కోర్టుకు వెళ్లి గెలిచింది, ఆ సైటును వాడుకున్న కొందరి స్కోర్లను రద్దు కూడా చేసింది. ఆ దారిలో పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ట్యూటర్ దగ్గర ఒక గంట ఎలా గడవాలి

ట్యూటర్ దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్లి, ఈ రోజు ఏం చెబుతారని అడగడం ఆ గంటను వృథా చేసుకోవడమే. తప్పిన ప్రశ్నలు నాలుగైదు, వాటి పక్కన మీరు ఆ రోజు ఏమనుకుని ఆ జవాబు పెట్టారో రాసిన రెండేసి వాక్యాలు తీసుకువెళ్లాలి. ముందు ఆ ఆలోచనను మీరే పైకి చెప్పాలి, ట్యూటర్ వినాలి. అది ఎలా ఉంటుందో ఒక డేటా సఫిషియెన్సీ ప్రశ్నతో చూద్దాం. ఈ ప్రశ్నల్లో జవాబు కనుక్కోనక్కరలేదు, ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందో లేదో తేల్చాలి.

ప్రశ్న ఇది: ఎక్స్ అనే సంఖ్య వై కన్నా పెద్దదా? మొదటి సమాచారం, ఎక్స్ వర్గం వై వర్గం కన్నా పెద్దది. రెండోది, ఎక్స్ సున్న కన్నా పెద్దది. అభ్యర్థి మొదటి సమాచారం ఒక్కటే చాలునని గుర్తు పెట్టాడనుకుందాం.

“మొదటిది ఒక్కటే చాలని ఎందుకు అనిపించింది?” అని ట్యూటర్ అడుగుతారు.

“వర్గం పెద్దదైతే సంఖ్య కూడా పెద్దదే కదా, సర్.”

“ఏయే సంఖ్యలు పెట్టి చూశారు?”

“అయిదు, రెండు.”

“ఇంకా?”

అభ్యర్థి ఇక్కడ ఆగిపోతాడు, ట్యూటర్ కూడా తొందరపడకుండా ఆగాలి. కాసేపటికి అభ్యర్థే మైనస్ అయిదును, రెండును పెట్టి చూస్తాడు. వర్గాలు 25, 4 అవుతాయి, మొదటి సమాచారం చెల్లుతుంది, కానీ మైనస్ అయిదు రెండు కన్నా చిన్నది. అంటే మొదటిది ఒక్కటీ చాలదు. రెండోది వై గురించి ఏమీ చెప్పదు కాబట్టి అదీ విడిగా చాలదు. రెండూ కలిస్తే ఎక్స్ ధనసంఖ్య అవుతుంది, పైగా గుర్తును పక్కన పెడితే దాని పరిమాణం వై పరిమాణం కన్నా ఎక్కువ అవుతుంది. కనుక వై ధనమైనా రుణమైనా ఎక్స్‌యే పెద్దది. రెండు సమాచారాలూ కలిస్తేనే చాలునన్నది సరైన జవాబు.

ఈ సంభాషణకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. “నెగెటివ్ సంఖ్యలు మరిచిపోయారు” అని చెప్పేస్తే పావు నిమిషంలో అయిపోతుంది. కానీ ఆ పావు నిమిషం మాట మరుసటి వారానికి గుర్తుండదు. తన నోటితో “అయిదు, రెండు” అని మాత్రమే చెప్పగలిగిన క్షణం అభ్యర్థికి గుర్తుండిపోతుంది, ఎందుకంటే తను అనుకూలమైన సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తున్నానన్న సంగతి అప్పుడే బయటపడింది. నోటుపుస్తకంలో రాసుకోవలసింది కూడా అదే: ధనం, రుణం, సున్న, భిన్నం అన్నీ పెట్టి చూడకుండా చాలునని నిర్ణయించాను. ఇలా రాసుకున్న తప్పులను పదిహేను రోజులకొకసారి తిరగేస్తే, అంశాల పేర్లు వేరైనా నాలుగైదు అలవాట్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ట్యూషన్ సమయాన్ని ఆ అలవాట్ల మీదనే ఖర్చు పెట్టాలి.

వెర్బల్‌లో పఠనావగాహన, తార్కిక విమర్శ అనే రెండు రకాల ప్రశ్నలే ఉంటాయి. ఇక్కడ కూడా పద్ధతి అదే, అయితే పైకి చెప్పవలసినది వేరు. ఉదాహరణకు ఇలాంటి వాదన ఒకటి ఇస్తారు: ఒక సంస్థ ఉద్యోగుల శిక్షణను సగానికి తగ్గించింది, తరువాతి ఆరు నెలల్లో వినియోగదారుల ఫిర్యాదులు తగ్గాయి, కాబట్టి తగ్గించిన ఆ శిక్షణ అనవసరమైనదేనని యాజమాన్యం నిర్ధారించింది. ఈ వాదనను ఏది ఎక్కువగా బలహీనపరుస్తుందని ప్రశ్న. జవాబులవైపు చూడకముందే, వాదనలో ఖాళీ ఎక్కడుందో అభ్యర్థి తన మాటల్లో ఒక్క వాక్యంలో చెప్పాలి: ఫిర్యాదులు తగ్గడానికి మరో కారణమేదీ లేదని యాజమాన్యం అనుకుంటోంది. అది చెప్పగలిగితే, ఆ ఆరు నెలల్లో వినియోగదారుల సంఖ్యే బాగా పడిపోయిందన్న జవాబు వెంటనే కనిపిస్తుంది, శిక్షణ బాగుండేదని చాలామంది ఉద్యోగులు మెచ్చుకున్నారన్న జవాబు ఆకర్షణ కోల్పోతుంది. చెప్పలేకపోతే అయిదు జవాబులూ సమంగానే తోస్తాయి. ఇంగ్లీషు బలహీనంగా ఉండటం వల్ల వెర్బల్ రావడం లేదని చెప్పుకునేవారిలో చాలామందికి అసలు కష్టం ఈ ఒక్క వాక్యం దగ్గర ఉంటుంది. ట్యూటర్‌కు ఆ వాక్యాన్ని మాతృభాషలో చెప్పినా ఏ నష్టమూ లేదు.

తరగతికీ తరగతికీ మధ్య

తరగతిలో గడిపిన ప్రతి గంటకూ సొంతంగా కనీసం రెండు గంటలు, వీలైతే మూడు గంటలు చదవాలి. వారమంతా తరగతులతో నింపేసే కోర్సులు కష్టపడుతున్నామన్న తృప్తిని ఇస్తాయి గానీ, విన్నది చేతికి రావడానికి సమయం మిగల్చవు. ఉద్యోగం చేస్తూ చదివేవారు వారానికి పది పన్నెండు గంటలు కేటాయించగలిగితే, మూడు నాలుగు నెలలు సమంజసమైన వ్యవధి. గణితం బాగా వెనుకబడి ఉంటే మరికొంత కలుపుకోవాలి. తరగతి జరిగిన రోజునే, ఎంత ఆలస్యమైనా, అధ్యాపకుడు చేసి చూపించిన ప్రశ్నల్లో రెండింటిని పుస్తకం మూసి మళ్లీ చేయండి. చూస్తున్నప్పుడు సులువుగా తోచిన మెట్టు చేస్తున్నప్పుడు ఎక్కడ తడబడిందో అప్పుడే తెలుస్తుంది. ఆ మెట్టే తరువాతి డౌట్ల తరగతికి మీరు తీసుకువెళ్లవలసిన ప్రశ్న.

సాధనకు ప్రశ్నలు ఎంచుకునేటప్పుడు అధికారిక ప్రశ్నలకు పెద్దపీట వేయాలి. కోచింగ్ సంస్థలు తయారుచేసిన క్వాంట్ ప్రశ్నలు చాలావరకు పనికివస్తాయి. వెర్బల్ ప్రశ్నల్లో మాత్రం సరైన జవాబుకూ, దాదాపు సరైన జవాబుకూ మధ్య ఉండే సన్నని తేడాను అధికారిక ప్రశ్నలంత నిక్కచ్చిగా మరెవరూ పట్టుకోలేరు.

సమయం గురించి ట్యూటర్‌తో విడిగా కూర్చుని మాట్లాడుకోవాలి. క్వాంట్‌లో ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ, వెర్బల్‌లో రెండు నిమిషాలకు కాస్త తక్కువ, డేటా ఇన్‌సైట్స్‌లో రెండుంపావు నిమిషాలు వస్తాయి. తెరమీద కాలిక్యులేటర్ డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే ఉంటుంది, కాబట్టి క్వాంట్ సాధనలో దాన్ని తాకకూడదు. ప్రశ్నలకు తెరమీద గుర్తు (బుక్‌మార్క్) పెట్టి, విభాగం చివరికి చేరాక సమయం మిగిలితే వెనక్కి వెళ్లి చూడవచ్చు, విభాగానికి మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం చూసి ప్రతి ప్రశ్ననూ తరువాత చూద్దామని వదిలేయడం ప్రమాదం. ప్రశ్నలు పూర్తి చేయకుండా వదిలేస్తే స్కోరు తగ్గుతుంది కనుక, మూడు నిమిషాలు దాటినా దారి తోచని ప్రశ్నకు ఒక జవాబు పెట్టి ముందుకు పోవాలి. ఇలా వదలడం నేర్చుకోవడం చురుకైన విద్యార్థులకే ఎక్కువ కష్టం. ట్యూటర్ పక్కన కూర్చుని సమయం చూస్తూ ఇరవై నిమిషాల చిన్న సెట్లు చేయిస్తే ఆ పట్టుదల తొందరగా సడలుతుంది.

మధ్యలో ఒకసారి కోచింగ్‌నే పరీక్షించాలి. మొదలుపెట్టిన ఆరు వారాలకు మరో మాక్ టెస్టు రాసి, మొదటిదానిలాగే తప్పులను గుంపులుగా విడదీయండి. స్కోరు పెద్దగా పెరగకపోయినా మొదటి గుంపు కుదించుకుపోయి ఉంటే బోధన పనిచేస్తున్నట్టే, వేగం తరువాత వస్తుంది. అన్ని గుంపులూ ఎక్కడివక్కడే ఉంటే ట్యూటర్‌తో ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడాలి. “మరికొన్ని ప్రశ్నలు చేయండి” అన్న సమాధానం ఒక్కటే వస్తే, మిగిలిన సమయాన్ని మరొకరి దగ్గర గడపడం మేలు. ఇందులో మొహమాటపడవలసినది ఏమీ లేదు. కాలిక్యులేటర్ లేకుండా లెక్కలు చేయవలసిన క్వాంట్ తమకు ఎంతకూ పడదని ఈ దశలో తేలినవారు జీఆర్ఈ అనే మరో ప్రవేశ పరీక్షను కూడా ఒకసారి రాసి చూడవచ్చు. అనేక బిజినెస్ స్కూళ్లు దాన్నీ అంగీకరిస్తాయి, అందులో గణిత విభాగాలకు కాలిక్యులేటర్ ఉంటుంది, ఇంగ్లీషు పదసంపద మీద భారం మాత్రం ఎక్కువ.

చివరి రెండు వారాలు

ఈ సమయంలో కొత్త పాఠాలు ఆపేయాలి. ట్యూటర్‌తో మిగిలిన తరగతులను మాక్ టెస్టుల విశ్లేషణకే వాడాలి, ఒక మాక్‌కూ మరో మాక్‌కూ మధ్య కనీసం మూడు రోజులు ఉంచాలి. రాయడం కన్నా రాసినదాన్ని విప్పి చూడటానికి ఎక్కువ సమయం పడుతుంది. పరీక్ష జరిగే గంటకే మాక్ రాయండి, విభాగాల వరుసను ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఇంటినుంచి ఆన్‌లైన్‌లో రాయదలచినవారు కంప్యూటర్‌ను, గదిని నిబంధనల ప్రకారం ముందే సరిచూసుకోవాలి. చివరి రోజు తప్పుల పుస్తకం ఒక్కటి తిరగేస్తే చాలు.

పరీక్ష ముగియగానే తాత్కాలిక స్కోరు తెరమీద కనిపిస్తుంది. దాన్ని చూసుకున్నాకే ఏయే విద్యాసంస్థలకు పంపాలో నిర్ణయించుకోవచ్చు, స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. మళ్లీ రాయాలంటే కనీసం 16 రోజులు ఆగాలి, పన్నెండు నెలల్లో అయిదుసార్లకు మించి రాయడానికి వీల్లేదు. ఫలితం మాక్ టెస్టులకు దగ్గరగానే ఉండి లక్ష్యానికి తక్కువైతే, చదువులోనే ఇంకా పని మిగిలి ఉంది, కాబట్టి ఆ 16 రోజులు చాలవు. రెండు నెలల ప్రణాళికతో ట్యూటర్ దగ్గరకు వెళ్లాలి. మాక్ టెస్టులన్నీ బాగా వచ్చి అసలు పరీక్ష ఒక్కటే దెబ్బతింటే, ఏ విభాగంలో, ఎన్నో నిమిషం దగ్గర అదుపు తప్పిందో గుర్తున్నంతవరకు, ప్రశ్నల పాఠం జోలికి పోకుండా, ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి. అటువంటివారికి పూర్తి కోర్సు మళ్లీ అక్కరలేదు. ఆ కాగితంతో రెండు మూడు తరగతులు, రెండు కొత్త మాక్ టెస్టులు చేసి తొందరలోనే తిరిగి రాయవచ్చు.